తెలుగులో అనుకుని ఇంగ్లీషులో చెప్పబోతే మాట ఎందుకు ఆగుతుంది?

గత కొద్ది వారాలుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం, విదేశాలకు వెళ్ళేవారి ఇంగ్లీషు ప్రావీణ్యాన్ని చూసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలోని స్పీకింగ్ (మాట్లాడే) విభాగం గురించే ఉన్నందువల్ల, ఈసారి ఆ ప్రశ్నలనే ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాను. పేర్లు ప్రచురించవద్దని చాలామంది కోరినందున ఊరి పేర్లు మాత్రమే ఉంచాను.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి ఆరేళ్ళుగా ఐసీయూలో పనిచేస్తున్నాను. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలన్న ఉద్దేశంతో ఐఈఎల్‌టీఎస్ రాశాను. లిజనింగ్, రీడింగ్‌లలో ఏడున్నర చొప్పున, రైటింగ్‌లో ఆరున్నర వచ్చాయి. స్పీకింగ్‌లో మాత్రం ఆరు దగ్గరే ఆగిపోయాను. డ్యూటీలో డాక్టర్లతో రోజూ ఇంగ్లీషులోనే మాట్లాడతాను, అప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. పరీక్షలో కూర్చుంటే మాత్రం వాక్యం మధ్యలో నీళ్ళు నములుతున్నాను. గ్రామర్ పుస్తకం మళ్ళీ మొదటినుంచి చదవమంటారా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రస్తుతానికి గ్రామర్ పుస్తకాన్ని పక్కన పెట్టండి. బ్రిటన్‌లో నర్సులను నమోదు చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రైటింగ్‌లో ఆరున్నరకు ఒప్పుకుంటుంది కానీ స్పీకింగ్‌లో కనీసం 7 ఉండాలంటుంది కాబట్టి, మీకు తక్కువైనది ఈ ఒక్క విభాగంలో ఒక్క బ్యాండు (ఈ పరీక్షలో మార్కును బ్యాండు అంటారు). ఆ బ్యాండు ఎక్కడ పోయిందో తెలియాలంటే మార్కులు ఎలా వేస్తారో ముందు తెలియాలి. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలపాటు మూడు భాగాలుగా సాగుతుంది: మొదట మీ గురించి చిన్న ప్రశ్నలు, తర్వాత కార్డు మీద ఇచ్చిన విషయంపై మీరొక్కరే మాట్లాడడం, చివర చర్చ. మీ మాటలను నాలుగు అంశాలలో తూకం వేస్తారు: తడబాటు లేకుండా, పొందికగా మాట్లాడడం ఒకటి, పదసంపద రెండవది, వ్యాకరణంలో వైవిధ్యమూ కచ్చితత్వమూ మూడవది, ఉచ్చారణ నాలుగవది. నాలుగింటికీ సమానమైన విలువ. అంటే వ్యాకరణం మొత్తంలో నాలుగోవంతు మాత్రమే.

మొదటి అంశంలో ఆరుకూ ఏడుకూ ఉన్న తేడాను పరీక్ష నిర్వాహకులు అందరికీ అందుబాటులో ఉంచిన బ్యాండ్ వివరణలలోనే చూడవచ్చు. విస్తారంగా మాట్లాడడానికి సిద్ధంగానే ఉన్నా, తడుముకోవడం వల్ల, చెప్పినదే చెప్పడం వల్ల, అన్నమాటను వెనక్కి తీసుకుని దిద్దుకోవడం వల్ల అప్పుడప్పుడు పొందిక తప్పేవారు ఆరు దగ్గర ఉంటారు. పెద్దగా ప్రయాసపడుతున్నట్టు కనిపించకుండా ఎక్కువసేపు మాట్లాడగలిగేవారు ఏడుకు చేరతారు. ఏడులో కూడా మాట కోసం వెతుక్కునే క్షణాలు కొన్ని ఉండవచ్చునని ఆ వివరణలే ఒప్పుకుంటున్నాయి. కాబట్టి ఆగడమే తప్పు అనుకోకండి. ఏ చోట ఆగుతున్నారన్నది చూసుకోండి.

మన తెలుగువాళ్ళం ఆగే చోటు ఒకటుంది. "నిన్న డ్యూటీ అయ్యాక మా అక్కతో కలిసి బస్సులో కాకినాడ వెళ్ళాను" అన్న వాక్యాన్ని చూడండి. కాలం, తోడు, బండి, ఊరు అన్నీ వచ్చాక, వెళ్ళాను అన్న క్రియ చిట్టచివరికి వస్తుంది. ఇంగ్లీషులో "ఐ" అన్న వెంటనే "వెంట్" రావాలి, మిగిలినవన్నీ దాని వెనక వరుసకట్టాలి. వాక్యాన్ని మనసులో తెలుగులో కట్టుకుని నోటితో ఇంగ్లీషులోకి మార్చబోయేవారికి, మొదట కావలసిన మాట చివర దొరుకుతుంది. అందుకే "ఐ... యస్టర్‌డే... ఆఫ్టర్ డ్యూటీ... విత్ మై సిస్టర్..." అంటూ క్రియ కోసం దిక్కులు చూడవలసి వస్తుంది. మీకు ఇంగ్లీషు రాకపోవడం దీనికి కారణం కాదు, రెండు భాషల నడక ఎదురెదురుగా ఉండడమే కారణం. వార్డులో ఈ ఇబ్బంది ఎందుకు లేదంటే, "బీపీ ఈజ్ స్టేబుల్", "ఐ హావ్ గివెన్ ద ఇంజెక్షన్" వంటి వాక్యాలను మీరు అనువదించడం లేదు. వేలసార్లు అన్నవి కాబట్టి అవి నోటికి ఇంగ్లీషులోనే అలవాటై, ముక్క చెదరకుండా వస్తున్నాయి. మీ ఊరి గురించి, మీ చిన్నప్పటి స్నేహితురాలి గురించి, మీకు నచ్చిన పండుగ గురించి ఎన్నడైనా ఇంగ్లీషులో పైకి మాట్లాడారా? పరీక్షలో అడిగేవి అవే.

అందువల్ల మీకు నేను చెప్పే సాధన ఒక్కటే. డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక పది నిమిషాలు, ఆ రోజు జరిగినవాటిని పైకి, గొంతెత్తి ఇంగ్లీషులో చెప్పుకోండి. ప్రతి వాక్యంలోనూ కర్త, క్రియ ముందు వచ్చేయాలి. "ఐ మెట్" అనేయండి, ఎవరిని అన్నది తర్వాత చేర్చండి, ఎక్కడ అన్నది ఆ తర్వాత, ఎందుకు అన్నది చివర. మొదటి వారం వాక్యాలు పొట్టిగా, పిల్లల మాటల్లా ఉంటాయి. ఉండనివ్వండి. రెండు మూడు వారాలకు "బికాజ్", "విచ్", "వెన్" వంటి మాటలతో అవి వాటంతట అవే సాగడం మొదలుపెడతాయి. మనసులో అనుకుంటే సరిపోదు. పెదవులు, నాలుక కదలాలి, మీ గొంతు మీ చెవికి వినపడాలి.

వ్యాకరణంలో మీరు దిద్దుకోవలసినది ఏదైనా ఉంటే అది పుస్తకం మొత్తం కాదు, రెండు మూడు చోట్లే. వాటిలో ముఖ్యమైనది మన క్రియల చివర వచ్చే "తాను". "రోజూ ఆరింటికి లేస్తాను" అన్నా, "రేపు ఆరింటికి లేస్తాను" అన్నా తెలుగులో క్రియ మారదు. ఆ అలవాటు ఇంగ్లీషులోకి వచ్చి, రోజూ చేసే పనికి కూడా, "ఐ గెట్ అప్ ఎట్ సిక్స్" అనవలసిన చోట, "ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్" అంటాం. పరీక్ష మొదటి భాగంలో అడిగేది చాలావరకు దినచర్య, ఇష్టాలు, అలవాట్లు కాబట్టి, ఈ ఒక్క "విల్" నాలుగైదు నిమిషాలలో పదిసార్లు దొర్లుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పిన అనుభవంతో అంటున్నాను, ఈ పొరపాటును చేస్తున్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. రెండవది "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్", "ఐ హావ్ టూ బ్రదర్స్" అంటే చాలు. మూడవది "సిన్స్ సిక్స్ ఇయర్స్ ఐ యామ్ వర్కింగ్". ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను అనడానికి "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ సిక్స్ ఇయర్స్" అనాలి. మీ ఉద్యోగం గురించి మొదటి భాగంలోనే అడిగే అవకాశం ఎక్కువ కాబట్టి, ఈ వాక్యాన్ని నోటికి బాగా అలవాటు చేసుకోండి.

ఇంకొక్క మాట. మీరు కంప్యూటర్ మీద పరీక్ష రాసి ఉంటే, 60 రోజుల లోగా ఒక్క విభాగాన్ని మాత్రమే మళ్ళీ రాసుకునే వెసులుబాటు ఉంది. అయితే అలా వచ్చిన ఫలితాన్ని మీరు దరఖాస్తు చేసే సంస్థ అంగీకరిస్తుందో లేదో రుసుము కట్టకముందే కనుక్కోండి. నర్సులకు ఓఈటీ అనే మరో దారి కూడా ఉంది, అది వైద్యరంగంలో పనిచేసేవారి కోసం పెట్టిన ఇంగ్లీషు పరీక్ష. అందులో మీరు నర్సుగా, ఎదుటివారు రోగిగానో రోగి బంధువుగానో రెండు సన్నివేశాలలో మాట్లాడవలసి ఉంటుంది. వార్డు మాటలు మీకు ధారాళంగా వస్తాయి కనుక ఆ పరీక్ష మీకు దగ్గరగా అనిపించవచ్చు. నమూనాలు చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: నేను బీటెక్ పూర్తిచేశాను. పదో తరగతి వరకు తెలుగు మీడియమే. మా కోచింగ్ సెంటర్‌లో, స్పీకింగ్ రెండవ భాగంలో ఇచ్చే క్యూ కార్డుల కోసం ఎనభై సమాధానాలున్న పుస్తకం ఇచ్చి బట్టీ పట్టమన్నారు. యాభై దాకా వచ్చేశాయి. కానీ మాక్ టెస్టులో కార్డు కొంచెం మారేసరికి నలభై సెకన్లకే మాటలు అయిపోయాయి. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఆ పుస్తకాన్ని కార్డుల విషయాలు తెలుసుకోవడానికి వాడుకోండి, సమాధానాలకు వాడకండి. పరీక్షకులు రోజంతా ఇదే పని చేసేవారు. అప్పజెప్పే సమాధానం వాళ్ళకు మొదటి రెండు వాక్యాలలోనే తెలిసిపోతుంది, ఎందుకంటే అంతవరకు వెతుక్కుంటూ మాట్లాడిన మనిషి ఒక్కసారిగా గుక్క తిప్పుకోకుండా పుస్తకభాషలో మొదలుపెడతాడు, గొంతులో ఎత్తుపల్లాలు పోతాయి, కళ్ళు పైకప్పును చూస్తాయి. ఆ తర్వాత వచ్చే విడి ప్రశ్నకు మళ్ళీ పాత భాషే వస్తుంది. ఈ తేడా మీకు మేలు చేయదు.

రెండవ భాగంలో జరిగేది ఇది. మీకు ఒక కార్డు, కాగితం, పెన్సిల్ ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకోవచ్చు. తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు మీరే మాట్లాడాలి, మధ్యలో ఎవరూ అడ్డురారు. రెండు నిమిషాలు కాగానే పరీక్షకులు ఆపుతారు. అలా ఆపడం నియమం ప్రకారం జరిగేదే, మీరు తప్పు చెప్పారని కాదు. చాలామంది ఆ ఒక్క నిమిషంలో వాక్యాలు రాయబోయి, రెండో వాక్యం సగంలో ఉండగానే సమయం అయిపోయి కంగారుపడతారు. వాక్యాలు రాయకండి. ఆరేడు మాటలు చాలు.

ఉదాహరణకు "మీకు సాయం చేసిన ఒక వ్యక్తి" అని కార్డు వచ్చిందనుకోండి. ఎవరు, ఎప్పుడు, ఎలా సాయం చేశారు, మీకు ఏమనిపించింది అని కింద అడుగుతారు. మీ పుస్తకంలో ఈ కార్డుకు ఏ శాస్త్రవేత్తలాంటి మేనమామో, ప్రపంచాన్ని మార్చాలనుకునే ఉపాధ్యాయుడో ఉండవచ్చు. ఆయన గురించి మీకు తెలిసింది పుస్తకంలో ఉన్న పది వాక్యాలే కనుక, పదకొండో వాక్యం దగ్గర ఆగిపోతారు. దానికి బదులు నిజంగా జరిగినది తీసుకోండి. నా విద్యార్థి ఒకరు ఈ కార్డుకు తన ఇంటర్ పరీక్షల రోజు చెప్పాడు. ఒక్క నిమిషం ఆలస్యమైనా హాల్లోకి రానివ్వని రోజులవి. సెంటర్ గేటు దగ్గర జేబు తడుముకుంటే హాల్ టికెట్ లేదు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన, పేరైనా తెలియని మనిషి, కొట్టును భార్యకు అప్పగించి, ఈ అబ్బాయిని మోపెడ్ వెనక ఎక్కించుకుని ఊరికి తీసుకెళ్ళి తెచ్చాడు. నా విద్యార్థి పరీక్షలో కాగితం మీద రాసుకున్నది ఇంతే: "గేటు, కొట్టు, మోపెడ్, అమ్మ గుమ్మంలో, ఎనిమిదీ యాభై ఐదు, డబ్బు వద్దన్నాడు." ఆరు మాటలు చూస్తూ రెండు నిమిషాలు మాట్లాడాడు. పరీక్షకుడు ఆపినప్పటికి కథ ఇంకా మిగిలే ఉంది. గేటు దగ్గర చెమట ఎలా పట్టిందో, దారిలో రైల్వే గేటు పడితే ఏమైందో, ఆ తర్వాత ఆ కొట్టుకు స్వీట్లు తీసుకెళ్ళినప్పుడు ఆయన ఏమన్నాడో అతనికి గుర్తున్నాయి. గుర్తున్నదానికి మాటల కరువు ఉండదు.

ఇంకో లాభం కూడా ఉంది. అదే సంఘటనను "మీరు భయపడిన సందర్భం", "మీరు ఆలస్యమైన రోజు", "గుర్తుండిపోయిన ప్రయాణం", "మీరు పోగొట్టుకున్న వస్తువు" అన్న కార్డులకు కూడా చెప్పవచ్చు. ఎనభై సమాధానాల బదులు మీ జీవితంలోంచి పన్నెండు సంఘటనలు ఎంచుకోండి. ఇద్దరు మనుషులు, రెండు చోట్లు, ఒక వస్తువు, ఒక పండుగ, ఒక పొరపాటు, ఒక విజయం, ఇలా. ప్రతిదాన్నీ రోజుకు ఒకసారి, ప్రతిసారీ వేరే మాటలతో చెప్పండి. అవే మాటలు మళ్ళీ వస్తున్నాయంటే బట్టీలోకి జారుతున్నారన్నమాట, అప్పుడు కథను చివరినుంచి మొదలుపెట్టండి. పరీక్షలో మీరు చెప్పినది నిజమా కాదా అని ఎవరూ విచారించరన్నది కూడా తెలుసుకోండి, అవసరమైతే ఊరి పేరో, సంవత్సరమో మార్చుకోవచ్చు. మీరు పదో తరగతి వరకు ఏ మీడియంలో చదివారన్నది కాగితం మీద ఎక్కడా ఉండదు, దాని గురించి చింత వద్దు.

ప్రశ్న: బ్రిటిష్ యాసలో మాట్లాడితే మార్కులు ఎక్కువ వస్తాయంటున్నారు. మా అమ్మాయి వీడియోలు చూసి యాస నేర్చుకుంటోంది. అది అవసరమా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అవసరం లేదు. ఉచ్చారణ అన్నప్పుడు చూసేది వినేవారికి శ్రమ లేకుండా అర్థమవుతోందా అన్నదే, ఏ దేశపు యాస అన్నది కాదు. అరువు యాస మొదటి భాగం దాటేసరికి జారిపోతుంది, దాన్ని పట్టి ఉంచే ప్రయత్నంలో చెప్పవలసిన విషయం చేయి జారుతుంది.

అయితే మన నోటికి సహజంగా వచ్చే కొన్నింటిని మాత్రం మీ అమ్మాయి సరిచూసుకోవాలి. మాట మొదట్లో "ఎ" ఉంటే మనం "యె" అంటాం, "ఓన్లీ"ని "వోన్లీ" చేస్తాం. మాట చివర హల్లు మిగిలితే దానికి ఒక "ఉ" తగిలించి "బస్సు", "బుక్కు" అంటాం. తెలుగులో అది అందమే, ఇంగ్లీషులో వాక్యం నడక దెబ్బతింటుంది. రాతలో రెండు అక్షరాలు కనిపిస్తే ద్విత్వం పలకడం మనకు అలవాటు, కాని ఇంగ్లీషువారు "సమ్మర్" అని ఒత్తి పలకరు, "సమర్" అన్నట్టే తేలిగ్గా అంటారు. ద్రాక్షసారాయినీ ద్రాక్షతీగనూ చెప్పే రెండు ఇంగ్లీషు మాటలనూ తెలుగులో రాస్తే ఒక్కటే "వైన్" అవుతుంది. మొదటిదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, రెండవదానికి పైపళ్ళు కింది పెదవికి తగలాలి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే రెండు రోజులలో పట్టుబడుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఊనిక. తెలుగులో అక్షరాలన్నిటినీ ఇంచుమించు సమానమైన బలంతో పలుకుతాం. ఇంగ్లీషులో ఒక్కో మాటలో ఒక్కచోట బరువు పడుతుంది. "డెవలప్"లో బరువు మొదటి అక్షరం మీద కాదు, "వె" మీద. "ఫోటోగ్రాఫ్"లో బరువు మొదట పడితే, "ఫొటాగ్రఫర్"కు వచ్చేసరికి రెండో అక్షరానికి జరుగుతుంది. నిఘంటువులో ఈ ఊనికను చిన్న గీతతో చూపిస్తారు. అమ్మాయి తన చదువుకు, ఊరికి, ఇష్టాలకు సంబంధించిన ఓ యాభై మాటలకు ఆ గీత ఎక్కడుందో చూసుకుంటే, యాస వీడియోలు ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువ లాభం ఉంటుంది. ఇంకా, వేగంగా మాట్లాడడాన్ని ధారాళంగా మాట్లాడడం అనుకోవద్దని చెప్పండి.

ప్రశ్న: కెనడా శాశ్వత నివాసం కోసం మా వారూ నేనూ జనరల్ ట్రైనింగ్ రాస్తున్నాము. మూడవ భాగంలో సమాజం, ప్రభుత్వం, సాంకేతికత గురించి అడిగితే నాకు అభిప్రాయమే ఉండదు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగవచ్చా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిస్సంకోచంగా అడగవచ్చు. "సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?" అన్నందుకు మార్కులు పోవు. మూడవ భాగంలో ప్రశ్న అర్థాన్ని వివరించమని కూడా కోరవచ్చు. అర్థం కాని ప్రశ్నకు ఊహించి జవాబు చెప్పడమే నష్టం. ఐఈఎల్‌టీఎస్‌లోని రెండు రకాలకూ, అంటే ఉన్నత చదువుకు రాసే అకడమిక్‌కూ మీరు రాస్తున్న జనరల్ ట్రైనింగ్‌కూ, స్పీకింగ్ విభాగం ఒక్కటే, మీకు ప్రత్యేకమైన ప్రశ్నలేవీ ఉండవు.

అభిప్రాయం లేదని మీరనుకుంటున్నారు కానీ, ఇంట్లో రోజూ చెబుతూనే ఉంటారు. "పిల్లలకు ఏ వయసులో ఫోన్ ఇవ్వాలి" అన్నది మూడవ భాగానికి సరిగ్గా సరిపోయే ప్రశ్న, దాని గురించి మీరు తెలుగులో అరగంట మాట్లాడగలరు. మీ అభిప్రాయం సరైనదా కాదా అని ఎవరూ తూచరు, దాన్ని ఎలా నిలబెట్టుకుంటున్నారో చూస్తారు. ఒక మాట చెప్పండి, ఎందుకో చెప్పండి, మీరు చూసిన ఉదాహరణ చెప్పండి, వీలైతే మరోవైపు ఏమంటారో కూడా ఒక వాక్యంలో చెప్పండి. మొదటి భాగంలో రెండు మూడు వాక్యాల జవాబు చాలు, ఇక్కడ ఐదారు కావాలి. మరొక సంగతి, "మా ఇంట్లో", "మా పాప" దగ్గరే ఆగిపోకుండా "చాలామంది తల్లిదండ్రులు", "మా అమ్మమ్మల కాలంలో" అంటూ విషయాన్ని విశాలం చేయాలి. "మా అమ్మమ్మల కాలంలో పిల్లలు వీధిలో ఆడుకునేవారు" వంటి వాక్యానికి ఇంగ్లీషులో "యూస్డ్ టు" కావాలి. ఈ భాగంలో అప్పటికీ ఇప్పటికీ పోలిక తరచుగా అడుగుతారు కాబట్టి, ఆ ఒక్క ప్రయోగాన్ని బాగా సాధన చేయండి. సాయంత్రం వార్తలు చూశాక ఒక వార్త గురించి మీరిద్దరూ ఒకరినొకరు ఐదు నిమిషాలు ఇంగ్లీషులో ప్రశ్నించుకుంటే, ఇంట్లోనే మంచి తరగతి జరిగినట్టు.

ప్రశ్న: మాది పల్లెటూరు. ఇంగ్లీషులో మాట్లాడేవారు ఒక్కరూ లేరు. పరీక్షకు ఆరు వారాలుంది. ఒంటరిగా సాధన సాధ్యమేనా?
— ఒక పాఠకుడు, కొత్తగూడెం దగ్గర

జవాబు: సాధ్యమే. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఉంటే చాలు. ఒక కార్డు తీసుకుని నిమిషం ఆలోచించి, రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. వెంటనే వినకండి, మర్నాడు వినండి. అప్పటికి ఏం చెప్పాలనుకున్నారో మరచిపోయి ఉంటారు కాబట్టి, నిజంగా చెప్పినదే చెవిన పడుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఎక్కడెక్కడ ఆగారో మాత్రమే కాగితం మీద గీతలు పెట్టండి. రెండోసారి వింటూ "విల్" ఎన్నిసార్లు వచ్చిందో, "యాక్చువల్లీ", "బేసికల్లీ" వంటి ఊతపదాలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. మూడో పని, అదే కార్డు మీద మళ్ళీ మాట్లాడి రికార్డు చేయడం. ఈ రెండో రికార్డులోనే ఎదుగుదల ఉంటుంది, చాలామంది దీన్నే వదిలేస్తారు. అన్ని తప్పులనూ ఒకేసారి దిద్దబోకండి, వారానికి ఒక్కదాని మీదే మనసు పెట్టండి.

మొదటి రెండు వారాలు దినచర్య, ఊరు, ఇల్లు వంటి చిన్న ప్రశ్నలకు, తర్వాతి రెండు వారాలు కార్డులకు, ఐదో వారం చర్చకు ఇవ్వండి. ఆరో వారం రోజు విడిచి రోజు మొత్తం పరీక్షను గడియారం పెట్టుకుని ఒక్క ఊపులో చేయండి. మీ ఊరి బడిలో ఇంగ్లీషు మాస్టారు ఉంటే, ఆయన ధారాళంగా మాట్లాడకపోయినా ఫరవాలేదు, ప్రశ్నలు చదివి మీ ముఖంలోకి చూస్తూ కూర్చోమని కోరండి. ఎదురుగా మనిషి ఉండగా మాట్లాడడం ఫోన్ ముందు మాట్లాడడానికి భిన్నమైన అనుభవం, పరీక్ష ముందు రెండు మూడుసార్లైనా అది కావాలి. పరీక్ష రోజు ఉదయం బయల్దేరే ముందు ఒక పావుగంట, బస్సు ఎక్కేవరకు, ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటూ ఉండండి. లోపలికి వెళ్ళాక మొదట అడిగేది మీ పేరే. ఆ ఒక్క జవాబును నెమ్మదిగా, స్పష్టంగా, ఎదుటివారి వైపు చూస్తూ చెప్పండి.